నలుగురికి సరిపడా

వదినకు నలుగురికి వండటం రాదు. ఊళ్ళోకి ఆ రోగం వచ్చి హోటళ్ళన్నీ మూయించేదాకా ఈ సంగతి ఆమెకే తెలియదు.

వందమందికి వండమంటే కళ్ళు మూసుకుని వండుతుంది. రెండువందల మందికైనా సరే, ఒకపక్క కబుర్లు చెబుతూనే దించేస్తుంది. బియ్యం ఎన్ని పోయాలో బకెట్టు చెబుతుంది, ఎసరు ఎంతదాకా పెట్టాలో డేగిసా లోపలి మచ్చ చెబుతుంది, ఉప్పు ఎంత వేయాలో చెయ్యి చెబుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు మనిషెత్తు తెడ్డు చేతికిచ్చి, "కలుపుతూ ఉండు. అడుగంటిందంటే మీ అమ్మని పిలిపించి తోమిస్తాను" అంది. అప్పట్నుంచి ఆమె వండిందీ హోటల్లోనే, తిన్నదీ హోటల్లోనే. ఇంట్లో పొయ్యి ఉందా అంటే ఉంది. టీ పెట్టుకోవడానికీ, జ్వరమొస్తే వేణ్ణీళ్ళు కాచుకోవడానికీ.

నిజానికి ఆమె వదిన అయింది ఒక్కడికే, మొగుడి తమ్ముడికి. అతను హాల్లో వడ్డన చూసేవాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కంచాలు వరసగా పేర్చుకుని బల్లల మధ్య దూసుకుపోయేవాడు కనుక అందరూ రైలుబండి అనేవారు. రైలుబండి రోజంతా "వదినా, రెండు కూర! వదినా, అన్నం!" అని కేకలు పెడుతుంటే పనివాళ్ళూ అదే పిలుపు అందుకున్నారు, తినడానికి వచ్చేవాళ్ళూ అందుకున్నారు. ఒకసారి మంచి రద్దీలో, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మొగుడు కూడా "వదినా, ఒక పప్పు!" అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆ మాట చెప్పుకుని హాలంతా ఏడాదిపాటు నవ్వింది. బోర్డు మీద ఏం రాసుందో ఎవరికీ పట్టలేదు. అది వదిన హోటల్.

ఆ వదిన మాత్రం హాలు చూసింది తక్కువ. వంటగది వెనకపక్క. దానికి హాల్లోకి ఒక కిటికీ, వెనక సందులోకి ఒక తలుపు. కిటికీలోంచి నిండు కంచాలు వెళతాయి, ఖాళీ కంచాలు తిరిగొస్తాయి. ముఖాలు తెలియకపోయినా తిరిగొచ్చిన కంచాలను బట్టి ఆమెకు మనుషులు తెలుసు. ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టేవాడొకడు. మిరపకాయ ముక్కలు కంచం అంచున బొత్తాల్లా వరసగా పేర్చేవాడొకడు. అతను దర్జీ అని రైలుబండి చెప్పాడు. మెతుకు మిగలకుండా వచ్చేది ఆసుపత్రి నర్సు కంచం. తోమాలా వద్దా అన్నట్టుండేది.

మూసేయమన్న రోజున వదిన పెద్దగా బెంగపడలేదు. "మంచిదే, కాస్త నడుం వాలుద్దాం" అంది. వాల్చింది కూడా. నాలుగు రోజులు పోయేసరికి వాల్చిన నడుమే నొప్పెట్టడం మొదలుపెట్టింది. గిన్నెలు తోమేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు సంచులు సర్దుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు బయల్దేరారు. "ఫోన్ చెయ్యి వదినా, మరుక్షణం వచ్చేస్తాం" అన్నారు. ఎప్పుడు చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు పార్సిళ్ళు కట్టి ఇవ్వొచ్చన్నారు. లోపల మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టకూడదు. మొగుడు షట్టరు సగం ఎత్తి, అడ్డంగా బల్ల వేసి, మూతికి గుడ్డ కట్టుకుని నిలబడ్డాడు. పనికి ఇంటివాళ్ళు ముగ్గురే మిగిలారు: గల్లా దగ్గర మొగుడు, పొట్లాలు కట్టడానికి రైలుబండి, పొయ్యి దగ్గర వదిన. మొదటి రోజు వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అంతమందికే సరిపడా వండింది వదిన. ఆ కూర తిన్నవాళ్ళు దగ్గర్లో ఉన్న నీళ్ళన్నీ తాగేశారు. మర్నాడు భయపడి ఉప్పు తగ్గిస్తే గడ్డి నమిలినట్టుంది. అన్నం కింద మాడి పైన పలుకు. పెద్ద పొయ్యి మంట చిన్న గిన్నెను చుట్టుముట్టి చెవుల దాకా కాల్చేసింది. అలవాటైన చెయ్యి పిడికెడు ఉప్పు తీస్తుంది. తీసినదాంట్లో కాస్త రాల్చమంటే దానికి రాదు.

"నీకు వచ్చినట్టే వండు" అన్నాడు మొగుడు. "పెద్ద డేగిసా పెట్టు. అమ్ముడైనంత అమ్ముడవుతుంది."

పెద్ద డేగిసాలో రుచి తిరిగొచ్చింది గానీ, తినేవాళ్ళు రాలేదు. మిగిలింది చుట్టుపక్కల ఇళ్ళకు పంచబోతే బయటి తిండి ముట్టుకోవడానికే జనం భయపడ్డారు. చివరికి దిక్కు వెనక సందులో చెత్తడ్రమ్మే. తన చేత్తో వండింది తన చేత్తో పారబోయడం వదిన వల్ల కాలేదు. మొగుడికి చెప్పింది. ఆయన తమ్ముడికి చెప్పాడు. రైలుబండి డేగిసా మోసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, దొంగసొమ్ము దాచినట్టు గబగబా వంపేసి వచ్చేవాడు. వచ్చాక డేగిసా తనే తోమేవాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒకరోజు మేడమీదావిడ మెట్ల మలుపు దాకా దిగొచ్చింది. హోటలున్న ఆ కట్టడం ఆమెదే.

"అమ్మాయ్, నేను వెళ్ళగొట్టానని మాత్రం అనకు" అని అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. "మా అల్లుడిది మందుల వ్యాపారం కదా. సరుకు పెట్టుకోవడానికి చోటు లేక మా పడగ్గదిలో కూడా పెట్టెలు పేర్చాడు. నేను మంచం ఎక్కాలంటే దగ్గుమందు దాటుకుని ఎక్కాలి."

"దగ్గొస్తే చేతికందుతుందిలెండి" అంది వదిన.

ఆవిడ నవ్వింది. నవ్వి, "మీ కష్టం నాకు తెలుసు. అద్దె అడగలేదు కూడా. కానీ అల్లుడు ఊరుకోడు. కిందదంతా తనకిమ్మంటున్నాడు. నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చండి. ఉంటారో, ఖాళీ చేస్తారో" అంది.

ఆ సాయంత్రం మొగుడు బల్ల తుడుస్తూ, "వదిలేద్దామే" అన్నాడు.

"వదిలేసి?"

"ఏదో ఒకటి చేసుకుందాం."

"ఆ ఏదో ఒకటికి పేరుందా?"

ఆయన తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. 

వదినకు కావలసింది పెద్దదేమీ కాదు. పొద్దున లేచి వెళ్ళడానికి తనదంటూ ఒక పొయ్యి ఉండాలి. అది పోతే తనకు తెలిసిన పని ఒక్కటే, ఎవరింట్లోనో వంటకు కుదరడం. అక్కడ నలుగురికి వండమంటారు. తనకు రానిదే అది.

నెలాఖరుకి ఇంకా మూడువారాలుందనగా ఒక పొద్దున మొగుడి ఫోన్ మోగింది. దర్జీ.

"పెద్దాయనా, ఒకసారి వదినకిస్తారా?"

ఇన్నేళ్ళూ అతని కంచం తెలుసు గానీ గొంతు తెలియదు. తీరా వింటే సన్నటి గొంతు, కాస్త నస.

"వదినా, మీ బంగాళాదుంప కూర మీదికి మనసు పోయింది. మా వీధిలో ఎవరికో రోగమొచ్చిందని రెండు పక్కలా కర్రలు కట్టేశారు. బయటికి రానివ్వరు. ఎలా చేస్తారో చెబితే నేనే చేసుకుంటాను."

"అదేమన్నా బ్రహ్మవిద్యా? ముందు దుంపలు కడుక్కో. బస్తా విప్పి సగం…"

"నా దగ్గర మూడున్నాయి వదినా."

"మూడు బస్తాలా! ఒక్కడివి అన్నెందుకు తెచ్చుకున్నావయ్యా?"

"మూడు దుంపలు వదినా."

వదినకు మూడు దుంపలంటే, బస్తా విప్పేటప్పుడు కిందపడి పొయ్యి కిందికి దొర్లిపోయేవి. వాటిని ఎవరూ వంగి తియ్యరు కూడా.

"సరే, నూనె పోసుకో."

"ఎంత?"

"మునిగేంత కాదు, తడిసేంత. తర్వాత ఉల్లిపాయ. తర్వాత ఉప్పు."

"ఉప్పెంత?"

"చేతికొచ్చినంత."

"ఎవరి చేతికి వదినా, మీ చేతికా నా చేతికా? నా చేతికి సూదీ దారం తప్ప ఏమీ రావు."

వదినకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కనుక మధ్యలో దగ్గులా మారిపోయింది. పొట్లాలు మడుస్తున్న రైలుబండి కంగారుగా తలెత్తి చూశాడు.

"ఫోన్ పెట్టెయ్యకు, ఉండు" అంది. టీ కాచే గిన్నె కడిగి, మూల ఉన్న టీ పొయ్యి మీద పెట్టింది. తానూ మూడు దుంపలు తీసుకుంది. ఫోన్ను పిండిడబ్బాకు ఆనించి నిలబెట్టింది. అక్కడ దర్జీ, ఇక్కడ వదిన, ఇద్దరూ ఒకేసారి తరగడం మొదలుపెట్టారు.

ఉప్పు దగ్గర మళ్ళీ ఆగిపోయారు. దర్జీయే దారి కనిపెట్టాడు. బట్ట కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఒకటుంది కదా, దాంతో కొలుస్తానన్నాడు. "ఒక తొడుగు వేశాను. కలిపాను. ఆగండి, చూస్తాను… చప్పగా ఉంది."

"ఇంకో సగం వెయ్యి."

"వేశాను."

ఆ తొడుగు చెంచాలో ఎన్నో వంతో అడిగి తెలుసుకుని, తానూ అంతే వేసింది. మూత పెట్టింది. మంట తగ్గించింది. రెండు వంటిళ్ళలో ఇద్దరూ గిన్నెల దగ్గరే నిలబడ్డారు. ఫోన్లోంచి దర్జీ గిన్నె మూత గలగలమనడం వినిపిస్తోంది.

"ఇదే వదినా! ఇదే కూర!" అని అరిచాడు దర్జీ.

వదిన తన గిన్నెలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు సరిపోయింది. దుంప ఉడికింది, విరగలేదు. చిన్న గిన్నెలో తన కూర తన కూరలా ఉండటం అదే మొదలు.  రెండో ముక్క వేసుకుంది.

దర్జీ ఊరుకునే రకం కాదు. తనకు తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. మర్నాడు బ్యాంకు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఆ తర్వాత పుస్తకాల కొట్టు ఆయన, పెళ్ళాం పుట్టింట్లో ఇరుక్కుపోతే ఒంటరిగా మిగిలిన లారీ డ్రైవరు. పొద్దెక్కేసరికి ఫోన్ మోగడం మొదలయ్యేది. ఒకరికి పప్పు, ఒకరికి గుడ్లు. "అన్నం మెత్తబడింది వదినా, ఏం చెయ్యను?" "తిను, ఇంకేం చేస్తావు!" ప్రతిదీ తానూ పక్కన చిన్న గిన్నెలో పెట్టి చూసుకునేది. వాళ్ళకు వంట వస్తోంది, ఆమెకు కొలత వస్తోంది. చిటికెడంటే ఎంతో వేళ్ళకు తెలుస్తోంది. 

మొగుడు ఇదంతా బల్ల వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. దర్జీ వీధిలో కర్రలు విప్పేశారు. దర్జీ రాలేదు. వాచ్‌మన్ పొద్దునా సాయంత్రం హోటల్ ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. చెయ్యి ఊపేవాడు. వెళ్ళిపోయేవాడు.

"నీ శిష్యులు బాగా తయారయ్యారు" అన్నాడు మొగుడు ఒకరోజు, మడత విప్పని పొట్లాల కాగితాలు చూపిస్తూ. "ఇవాళ ఒక్కటి కట్టలేదు."

"నా శిష్యుల వల్లా? రోగం వల్ల."

"రోగం అందరికీ ఉంది. రావడం మానేసింది మాత్రం నువ్వు ఫోన్లో వండించినవాళ్ళే. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే విన్నాను గానీ, గొడ్డలి పదునుపెట్టి పదిమందికి పంచిపెట్టడం ఇదే చూడటం."

"అన్నయ్యా, వదిలెయ్" అన్నాడు రైలుబండి.

"నేను వదిలేద్దామనే అంటున్నాను. మీ వదినే వినడం లేదు."

వదినకు మండింది. ఏదో అనబోయింది. ఇంతలో ఫోన్ మోగింది, వాచ్‌మన్. గొంతులో ఎంత సంతోషమో.

"ఇంక మీకు శ్రమ ఇవ్వను వదినా. నాకు వచ్చేసింది! మా వాళ్ళయితే హోటల్ నుంచి తెచ్చావా అని అడుగుతున్నారు."

"మంచిదయ్యా" అంది వదిన. "చాలా మంచిది. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోకు." ఫోన్ మొగుడికి ఇచ్చేసి, పిండిడబ్బా మీద కూర్చుంది. మొగుడు మాట నిజం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా లేదు, ఆకులు కూడా తానే పంచిపెట్టింది. తప్పు చేశానా అని ఆలోచించింది. ఆకలేస్తోంది, ఎలా వండుకోవాలో చెప్పమంటే చెప్పకుండా ఉండటం ఎలాగో ఆమెకు తట్టలేదు. 

వెనక సందు తలుపు ఎవరో కొట్టారు.

నర్సు. మెతుకు మిగల్చని ఆ కంచం మనిషిని వదిన ఆసుపత్రి బట్టల్ని బట్టి పోల్చుకుంది; ముఖం మీద మూతిగుడ్డ కట్టిన చోట గీతలు పడి ఉన్నాయి. ఆమె ముందువైపు నుంచి రావడం మానేసింది. ఆసుపత్రి మనిషని తెలిసి జనం పక్కకు జరుగుతున్నారట.

"వదినా, ఒక్క మనిషికి సరిపడా ఏమన్నా ఉందా? పెద్ద పొట్లం వద్దు. మిగిలితే పారెయ్యడానికి చేతులు రావు."

"నువ్వు కూడా ఫోన్లో నేర్చుకోరాదూ" అంది వదిన. గొంతులో చేదు దాగలేదు. "అందరూ నేర్చుకున్నారుగా."

నర్సు గుమ్మానికి చేరగిలబడింది. "నేర్చుకోవాలంటే పొయ్యి దగ్గర నిలబడాలి కదా వదినా. నిలబడే ఓపిక ఉంటే ఇక్కడిదాకా ఎందుకు నడుస్తాను?"

వదిన లేచి టీ పొయ్యి వెలిగించింది. ఒక గుప్పెడు బియ్యం, ఒక గిన్నె కూర. ఆలోచించకుండానే చేతులు సరిగ్గా ఒక మనిషికి వేశాయి. నర్సు మెట్టు మీద కూర్చుని అక్కడే తినేసింది. వెళుతూ, "మా వార్డులో ఇంకో ముగ్గురున్నారు, ఇలాగే. చెప్పనా?" అని అడిగింది.

"చెప్పు" అంది వదిన.

ముగ్గురు వచ్చారు. వాళ్ళు చెబితే మరికొందరు. రోగమొచ్చి గదిలో తలుపేసుకున్న మనిషికి ఒక పొట్లం, మోకాళ్ళు లేవని ముసలాయనకు ఒకటి, చంటిపిల్లతో ఒంటరిగా ఉన్న ఆమెకు కారం లేకుండా ఒకటి. నేర్చుకునేవాళ్ళు నేర్చుకుని వెళ్ళిపోయారు. నిలబడలేనివాళ్ళు మిగిలారు. వాళ్ళు గానీ, వాళ్ళ కోసం పొట్లాలకు వచ్చేవాళ్ళు గానీ ముందు షట్టరు వైపు రాలేదు. అందరిదీ వెనక సందే.

నెలాఖరు ముంచుకొచ్చింది. ఆ మధ్యాహ్నం వదిన కిటికీలోంచి హాల్లోకి చూసింది. కుర్చీలన్నీ కాళ్ళు పైకెత్తి బల్లల మీద బోర్లా పడున్నాయి. ముందు మొగుడు ఒక్కడే, రాని జనం కోసం నిలబడి ఉన్నాడు. వెనక తలుపు దగ్గర మాత్రం ఎవరో ఒకరు వస్తున్నారు. వదినకు లెక్కలు రావు గానీ, ఈ లెక్కకు చదువు అక్కర్లేదు.

"ఏవండీ" అని పిలిచింది. రైలుబండిని కూడా రమ్మంది. "హాలు మందులవాళ్ళకు ఇచ్చేద్దాం. వంటగది, వెనక తలుపు మనం ఉంచుకుందాం. ఈ పొట్లాల డబ్బుతో ఆ కాస్తకి అద్దె కట్టగలం."

మొగుడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చూపు గల్లాపెట్టె వెనక ఉన్న తన కుర్చీ మీదికి వెళ్ళింది.

"అంటే నన్ను తీసెయ్యడమన్నమాట" అన్నాడు.

"మిమ్మల్ని ఎందుకు తీసేస్తారు?"

"హాలు పోతే నేనెక్కడ? వీడెక్కడ? నువ్వు లోపల ఉంటావు. మేము వీధిలో ఉంటాం."

"ఇన్నేళ్ళూ నేను లోపలే ఉన్నాను. ఎలా ఉన్నావే అని ఒక్కరన్నా అడిగారా?"

ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. మొగుడు తలొంచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చినవాళ్ళను పేరుపెట్టి పలకరించడం, పిల్లలు ఎలా ఉన్నారని అడగడం, చిల్లర చేతిలో పెడుతూ ఒక జోకు వెయ్యడం, ఆయన బతుకంతా ఆ కుర్చీలోనే గడిచింది. ఉన్నదంతా పోతోంది, మిగిలేది పెళ్ళాం పొయ్యి. ఆమె కోరింది ఆమెకు దక్కుతుంది. దాని ధర మాత్రం ఆయన కట్టాలి. అది వదినకు తెలుసు. తెలిసే అడిగింది.

"నా గురించి ఆలోచించకండి" అన్నాడు రైలుబండి నెమ్మదిగా. "నేను ఒకచోట మాట్లాడుకున్నాను. బండి మీద ఇంటింటికీ సామాన్లు ఇచ్చే పని. ఇంట్లో చిన్నపిల్లలు, నాకు ఆగడానికి లేదన్నయ్యా. చెబుదామని వారం నుంచీ అనుకుంటున్నాను."

మొగుడు తమ్ముడి వంక చూశాడు. "నువ్వూ చెప్పలేదేరా?"

"ఎలా చెప్పను? నువ్వు రోజూ షట్టరు ఎత్తుతుంటే."

 పొయ్యి మీద పప్పు ఉడుకుతూ గిన్నె మూత చిన్నగా ఎగురుతోంది. చివరికి మొగుడు మూతిగుడ్డ సరిచేసుకుని, మెట్లెక్కి మేడమీదికి వెళ్ళాడు. వదిన కింద మెట్టు దగ్గర నిలబడి విన్నది. మేడమీదావిడ అల్లుణ్ణి పిలవడం, అతను "వంటగది కూడా కావాలి" అనడం, మొగుడు ఒక్కసారిగా గొంతు పెంచడం వినిపించాయి.

"ముందుదంతా తీసుకోండి. బల్లలు తీసుకోండి, గోడలు తీసుకోండి. వెనకది ఇవ్వం. నా భార్య అక్కడ వండుతుంది."

 వెనకది ఉంచుకోవాలన్న ఆలోచన ఆయనదే అన్నట్టు చెప్పాడు. చెప్పనీ అనుకుంది వదిన. అల్లుడు ఇంకేదో నసిగాడు గానీ మేడమీదావిడ, "ఊరుకో అబ్బాయ్, నా పడగ్గది ఖాళీ అయితే చాలు నాకు" అనేసింది.

హాలు ఖాళీ చేసే రోజున ముగ్గురూ బల్లలు మోశారు. బల్లలు తీసేశాక నేల మీద ఒక దారి కనిపించింది. కిటికీ దగ్గర బయల్దేరి బల్లల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్ళిన దారి, రైలుబండి పాదాలకు అరిగి నున్నగా మెరుస్తోంది. రైలుబండి దాని మీద ఒకసారి అటూ ఇటూ నడిచి చూసి, చివరి బెంచీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వదిన మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో హాల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు.

మొగుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు, ముఖం మారకుండా.

"ఏం ఉన్నాయి?"

"ఏమీ లేవు."

"అయితే రెండు పట్రా" అంది వదిన.

ఇద్దరూ కాసేపు నవ్వారు. నవ్వు ఆగాక ఆమె లేచింది, ఆయన ఆ కుర్చీ ఎత్తుకున్నాడు.

వంటగదిలో మొదటి రోజు మొగుడు ఎక్కడ నిలబడినా అడ్డమే. తలుపు దగ్గర నిలబడితే గాలికి అడ్డం, పొయ్యి దగ్గర నిలబడితే ఆమెకు అడ్డం. చివరికి ఒక మూల బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టి, చేతికి కత్తి ఇచ్చి దుంపల తొక్కు తియ్యమంది. ఆయన తీసిన తొక్కు మందం చూసి ఆమెకు గుండె ఆగినంత పనయింది.

"తొక్కు తియ్యమన్నానా, దుంపని తొలుచుకు తియ్యమన్నానా? అందులో ఇంకో మనిషికి కూర అవుతుంది."

"నాకు చిల్లర ఇవ్వడం వచ్చు, ఇది రాదు."

"వస్తుంది. నాకూ రాలేదు."

ఆయన ఇంకోటి తీసుకుని, ఈసారి కాస్త పల్చగా తీశాడు. అయినా మందంగానే ఉంది. వదిన చూసీ చూడనట్టు ఊరుకుంది. వెన్ను ఇద్దరికీ నొప్పే.  గోడకవతల హాల్లో మందుల పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. కిటికీకి అవతల నుంచి చెక్కపలక కొట్టేశారు. వంటగదిలో వెలుతురు తగ్గి, పట్టపగలే దీపం వేసుకోవలసి వచ్చింది.

సందు తలుపు చప్పుడైంది. మొగుడు కత్తి కిందపెట్టి, చేతులు తుడుచుకుని, చొక్కా కాలరు సవరించుకుని వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పుల ముసలాయన కాదు, ఆయన కోడలట. పొట్లం అందుకుని ఆమె ఏదో అడిగింది. మొగుడు లోపలికి తల తిప్పాడు.

"రేపు కూడా ఉంటుందా అని అడుగుతోంది. ఏం చెప్పను?"

వదిన గిన్నె అడుగు గీకుతోంది. చెయ్యి ఆగింది. రేపంటే మళ్ళీ చీకటితో లేవాలి, మళ్ళీ గుప్పెళ్ళు కొలవాలి, ఈయన తొక్కు తీసిన దుంపలు మళ్ళీ చూసుకోవాలి. ఎల్లుండీ అంతే. ఇదే కావాలని పట్టుబట్టింది తనే.

"ఉంటుందని చెప్పండి" అంది.

"ఉంటుందమ్మా! రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. మీ మామగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నూనె రాస్తున్నారా? పిల్లలో?" మొగుడు గుమ్మానికి చేరగిలబడి నిలబడ్డాడు. కోడలు కూడా వెళ్ళడానికి తొందరపడలేదు.

ఆయన వచ్చేలోపు అయిపోతాయని, వదిన కత్తి అందుకుని మిగిలిన దుంపల తొక్కు తానే తీసింది.